బీరువాలో నలభై గొంతులు

జిరాక్స్ బావ టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే ఆ పూటకి గ్లాసులు కడిగే పని కూడా ఆగిపోవాల్సిందే. వీధి వాళ్లందరికీ కాగితాలు నకళ్లు తీసిపెట్టే మనిషికి ఆ మధ్య కంప్యూటర్లో పాటలు కట్టే పిచ్చి పట్టింది. ఇంట్లో బట్టల బీరువా ఖాళీ చేసి, దుప్పట్లు వేలాడదీసి, మైకు పట్టుకుని అందులో దూరి పాడుతున్నాడు. భార్య ఆర్నెల్లు ఓర్చుకుని, "ఆదివారంలోపు ఒక్క పాట పనైనా తెచ్చుకోండి, లేదంటే నా బీరువా నాకు వదిలెయ్యండి" అని తేల్చేసింది. ఇవాళ శనివారం.

అందుకే బడిలో పాటల టీచరు టీకి రాగానే బావకి ప్రాణం లేచొచ్చింది. వార్షికోత్సవం పాటకి వెనక బృందగానం కట్టేవాళ్ల కోసం వెతుకుతోంది ఆవిడ. బావ పంపిన నమూనా ఫోన్లో ఉంది గానీ ఇంకా వినలేదు.

"ఒక్క సంగతి చెప్పండి. ఒకసారి పాడి, దాన్నే శ్రుతి పైకీ కిందకీ మార్చి అతికించారా, ఒక్కో గొంతూ విడిగా పాడారా? అతికిస్తే నాకొద్దు. మా పిల్లలే పట్టేస్తారు."

"అతికించడమా! ఆ పాపం నేనెరగనండీ." బావ గ్లాసు పక్కన పెట్టాడు. "మొదట మూడే గొంతులు. నాదొకటి, కిందదొకటి, పైదొకటి. మనకి మూడేం సరిపోతాయని ఏడు చేశాను, ఏడు ఇరవయ్యాయి, చివరికి నలభై! ఒక్కోదానికీ ఒక్కో మనిషిని మనసులో పెట్టుకుని పాడాను. ఒకడు లావు, ఒకడికి జలుబు, ఒకావిడ కొత్తగా పళ్లు కట్టించుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పళ్లు ఊడాయా?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న దర్జీ.

"నువ్వుండవయ్యా. కిందింటాయన పైకొచ్చి, ఇంతమంది చుట్టాలొస్తే గుమ్మంలో చెప్పులేవండీ అని వెతుకుతాడు! అంతటితో అయిందా? లావువాడు గొంతు దించితే వంటింట్లో గిన్నెలు నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చాయి. పళ్లావిడ గొంతెత్తితే ఎదురింటి కుక్క సిగ్గుపడి మొరగడం మానేసింది. మధ్యాహ్నం కంప్యూటర్ ఆపేసి కునుకు తీస్తున్నానా, బీరువాలోంచి ఎవరో పిలుస్తున్నారు. తీరా చూద్దును కదా, జలుబు గొంతు వేడినీళ్లు అడుగుతోంది!"

"ఇచ్చావా?" అంది టీకొట్టు అక్క.

"ఇవ్వక చస్తానా? ఒకడికిస్తే మిగతా ముప్పైతొమ్మిది మందీ మాకూ అన్నారు. కాచలేక నా తలప్రాణం తోకకొచ్చిందనుకో. ఈలోగా వాళ్లలో వాళ్లకి పడక లావువాడు అలిగి వెళ్లిపోయాడు. నమూనాలో అక్కడక్కడా ముప్పైతొమ్మిదే వినబడితే తప్పు నాది కాదండీ!"

టీచరు నవ్వుకుంటూ ఫోను నొక్కింది. పాట నిజంగానే తియ్యగా మొదలైంది. బావ కళ్లు మూసుకుని తలాడిస్తున్నాడు. రెండో చరణం ముందు నలభై గొంతులూ ఒక్కసారే ఊపిరి పీల్చాయి. ఆ సందులో ఎలుగుబంటి దగ్గర్నుంచి దోమ దాకా అన్ని గొంతులూ వెంట్రుకవాసి తేడా లేకుండా, కమ్మగా శ్రుతి కలిపి ఒకే మాట అన్నాయి.

"ఏవండీ, బీరువాలోంచి బయటికి రండి, భోజనం చల్లారిపోతోంది!"

"నలభై మందికీ కలిపి భార్య ఒక్కతేనా బావా?" అన్నాడు దర్జీ.

"గొంతు కూడా జిరాక్సే తీశావన్నమాట" అంది అక్క.

బావ సిగ్గుతో చచ్చిపోయాడు. బీరువా పోయినట్టే అనుకుని లేవబోయాడు. టీచరు మాత్రం ఆ ముక్కే మళ్లీ పెట్టుకుని వింది.

"పాటకేం గానీ, ఈ పిలిచినావిడ గొంతు ఎంత బాగుందండీ! ఆవిడ చేత విడివిడిగా పాడించండి. పని మీ ఇంటికే ఇస్తాను."

అన్నమాట ప్రకారం ఆదివారానికి బీరువా బావ భార్యకే దక్కింది. వంట చేసి వడ్డించి, చూసి చూసి, ఆకలికి ఆగలేక బావ బీరువా తలుపు తట్టాడు.

"ఏమోయ్, బయటికి రా, భోజనం చల్లారిపోతోంది!"

"చెడగొట్టారు కదా!" లోపల్నుంచి కేక వచ్చింది. "ఇరవైమూడో గొంతు. మళ్లీ మొదట్నుంచి పాడాలి, మీరు తినెయ్యండి."