తొర్రలో మడత గొంగడి

“మామా, గీ చెట్టు తొర్రల నా తమ్ముని గొంగడి ఉన్నది!”

(1958 వేసవి. అచ్చంపేట బజారు తిరిగి, నల్లమల అంచున నీటి చెలిమె దగ్గర ఆగిన గుర్వమ్మ, ఆమె భర్త ఐలేశం.)

“ఎవనిదో. ముట్టకు, తేళ్లుంటయి.”

“ఎవనిదో అంటవేంది? గీ అంచుకు ఎర్రదారం నేనే కుట్టిన. భిక్షందే.”

“అయితే వాన్ని తిన్న పులే గుంజుకొచ్చి పడేసిందేమో.”

“పులి మడత పెడ్తదా మామా? మడత పెట్టి, మీద బండ పెడ్తదా?”

“బస్సు టైమయితాంది. లెవ్వు.”

“పొద్దుగాల బస్సు ఫికర్ లేకుండె. గాజులు తొడిగిస్తివి, హోటల్ల చాయి తాపిస్తివి. అడివి చూపియ్యమంటే గీ అంచుకాన్నే ఆపితివి.”

“లోపటికి పోతే నీ కాళ్లు నొస్తయని...”

“వాన్ని పులి తిన్న జాగా రెండు దినాల నడక అంటివి గద? రెండేండ్లసంది గదే మాట. మరి గొంగడి గీడెందుకున్నది?”

“నాకేం ఎరుక? గీ దిక్కు నేనెన్నడు రాలే.”

“రాకుంటే, దూపైతాందన్నంక పొదల నడుమ చెలిమె కాడికి సక్కగ ఎట్ల తెస్తివి?”

“జర మెల్లగ. ఎవలన్న ఇంటరు.”

“ఇననీ. చిరుగు లేదు, నెత్తుటి మరక లేదు. పులి కాదు మామా. ఏమైంది?”

“...మేకలకు కొమ్మలు కొడ్తుంటే చెట్టు మీదికెల్లి జారిండు. తొంటి ఇరిగింది.”

“పానం ఉండెనా?”

“ఉండె.”

“ఉండెనా! మరి దవాఖానకు మోస్కపోవద్దా? పొద్దుగాల దాని ముంగటికెల్లే వస్తిమి. చాయి తీపి నోట్లకెల్లి పోకముందే గీడికొస్తిమి!”

“మందను ఇడిసి ఎట్ల పోత?”

“మంద కోసమా?”

“బస్సు పోతది, లెవ్వు.”

“నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు.”

“వాని పెండ్లైతే మీ బాపు మందల సగం వానికి పోతుండె. గా గుట్టెనుక పూడ్చింది నేనే. పులి తిన్నదని చెప్పాలె గద, గొంగడి ఇంటికెట్ల తెస్త? దాచిన.”

“పడంగనే పోయిండా?”

“లేదు. ‘బావా, నీళ్లు’ అన్నడు. తెస్తనని, నువ్విప్పుడు తాగిన గీ చెలిమె కాడికే వచ్చిన, గుర్వమ్మా. వాడు పిలుసుడు ఆపేదాక, రెండు దినాలు, గీడనే కూసున్న.”