డీజిలు ట్యాంకులో గ్లాసెడు నీళ్ళు

ఒట్టు పెట్టి చెబుతున్నాను అల్లుడుగారూ, ఈ పూట నా నోట్లోంచి వచ్చే ప్రతి ముక్కా అచ్చమైన నిజం. నవ్వకండి. ఆవగింజంత కూడా పెంచను. ఆ బూట్లు పక్కన పెట్టి, ఆ స్టూలు మీద కాసేపు కూర్చోండి. ఇది నిలబడి వినే సంగతి కాదు. అదిగో, మళ్ళీ గడియారం చూస్తున్నారు. మీ ఆఫీసేమీ లేచిపోదు లెండి.

అసలు తప్పంతా చెదపురుగులది. అవునా, కాదా? బీరువా కాళ్ళు తినేశాయి, తలుపు చట్రం తినేశాయి, నేను కాస్త ఆదమరిస్తే మంచంతో పాటు నన్నూ నమిలేసి ఉండేవి. ఒక్కొక్కటి నా బొటనవేలంత. సరే, బియ్యపుగింజంత. మీతో ఎన్నిసార్లు మొత్తుకున్నాను? లక్షసార్లు. మీరేమో, అత్తయ్యగారికి చీమ కనబడితే ఏనుగని అరుస్తారు అని మా అమ్మాయితో అని, పేపరు తిరగేశారు. గోడ అవతల ఉన్నా నా చెవులు బాగానే పనిచేస్తాయి.

చెదలకి డీజిలు పూస్తే చాలు, మళ్ళీ లేవవు. ఆ డీజిలేమో మీ మామగారి పాత కారులో, వారానికోసారి షెడ్డు దాటే కారులో, ఊరికే నిలవుంది. రబ్బరు గొట్టం ట్యాంకులోకి దించి, నోటితో ఒక్క పీల్పు పీల్చి, గ్లాసులోకి వదిలాను. ఆ రుచి పగవాళ్ళకి కూడా వద్దు. మూడు రోజులు మంచినీళ్ళు తాగినా డీజిలే.

గ్లాసెడు తీస్తే గ్లాసెడు తగ్గుతుంది కదా. మీరేమో డీజిలు ముల్లు ఎక్కడుందో రోజూ తొంగిచూసే మనిషి. అందుకని... అందుకని గ్లాసెడు నీళ్ళు పోశాను.

అలా చూడకండి బాబూ. ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ పాలు పోసిన చెయ్యి ఇది. క్యానులోంచి ఎంత బయటికి పోతే అంత నీరు లోపలికి పడాలి, లేకపోతే ఈ చేతికి తోచదు. ఆ పాలు తాగి ఎవరూ పోలేదు, అందరూ దుక్కల్లా పెరిగారు. పాలల్లో కలిసిన నీళ్ళు డీజిల్లో ఎందుకు కలవవు అనుకున్నాను. కలవవట. అడుక్కి దిగి కూర్చుంటాయట. నాకెవరు చెప్పారు?

ఒక్కసారి కాదు లెండి. చెద లేచినప్పుడల్లా. వానలు మొదలైన దగ్గర్నుంచి ఎనిమిది గ్లాసులు. ఎనిమిదంటే ఎనిమిదే, తగ్గించడం లేదు.

ఆ తర్వాతే కదా బండికి దగ్గు పట్టుకుంది. ఎత్తెక్కేచోట ఆయాసపడి ఆగిపోయేది. మన మెకానిక్కు ఫిల్టరు విప్పి పళ్ళెంలో పెట్టి చూపించాడు, గుర్తుందా? నల్లగా, జిగటగా, మూసుకుపోయిన తూములోంచి లాగినట్టు. దాని కంపుకి వీధి చివర కుక్కలు ఊరొదిలిపోయాయి. ట్యాంకు అడుగున నీళ్ళు చేరాయన్నాడు. నీళ్ళకీ డీజిలుకీ మధ్య కంటికి కనబడని క్రిములు పుట్టి, ఆ డీజిలే తిని, ఇలా బంకలా పెరుగుతాయన్నాడు. ఫిల్టరు మారిస్తే చాలదు, ట్యాంకు దించి కడిగి, క్రిములు చచ్చే మందు పోయాలన్నాడు. మీరు నవ్వారు. డీజిలు తాగి బతికే ప్రాణి ఎక్కడైనా ఉంటుందా, పని పెంచుకోవడానికి కథలల్లుతున్నాడు అన్నారు. ఫిల్టరు మార్చి ఊరుకోమన్నారు. మళ్ళీ ఆగింది. మళ్ళీ మార్చాడు.

మూడోసారి మా అమ్మాయిని రైలెక్కించబోతుంటే నడిరోడ్డు మీద ఆగింది. రైలు పోయింది. బండి తోయించుకుని మెకానిక్కు షాపు ముందుకి వచ్చాం. ఇటుపక్క కొట్టు టైర్లాయన ఉన్నాడు, అటుపక్క మంగలి షాపులోంచి సగం గీసిన గడ్డంతో ఒకాయన లేచొచ్చి నిలబడ్డాడు. మీరు అన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఇవాళ ట్యాంకులో క్రిములన్నావు, రేపు ఇంజిన్లో పాములంటావు. నువ్వు దొంగవి."

మెకానిక్కు నేను కూర్చున్న వెనకసీటు కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు.

"పిన్నిగారూ, ట్యాంకు మూత ఎవరైనా తీస్తున్నారా?"

"నాకేం తెలుసు నాయనా, బండి సంగతులు నన్నడుగుతావేం?" అన్నాను.

అంతే. పట్టుమని పది మాటలు లేవు. బతుకంతా ఇంతింత కోతలు కోశాను, ఒక్కటీ ఎవరికీ గీరుకోలేదు. ఇది ఆయన్ని కోసేసింది.

ఇంకా ఉంది, వినండి. ఆ పొద్దున్నే తలుపు చట్రానికి పూసి వచ్చానా, నా చెంగంతా డీజిలు వాసన. ముప్ఫై ఏళ్ళుగా అందులో మునిగితేలే మనిషికి అది తెలియదా? చెంగు వంక చూశాడు. నా మొహం వంక చూశాడు. ఆ పూటకి బండి కదిలేలా చేసి, కారు తలుపు సరిగ్గా పడిందో లేదో నొక్కి చూసి, జాగ్రత్తగా వెళ్ళమన్నాడు. మీతో ఒక్క ముక్క అనలేదు. అన్నా బాగుండేది. కాదని దబాయించేదాన్ని, దెబ్బలాడేదాన్ని, నిద్రైనా పట్టేది.

నెలైంది. ఆ సగం గడ్డమాయన మీ మాట ఎంతమందికి చేరవేశాడో, మెకానిక్కు షాపు ముందు ఒక్క బండి ఆగడం లేదు. నేను అటు వెళ్ళాల్సి వస్తే రోడ్డుకి ఇవతల పక్కనుంచి, గొడుగు అడ్డం పెట్టుకుని పోతున్నాను. ఎండ లేకపోయినా.

ఇందాక టైర్లాయన భార్య చెప్పింది. మెకానిక్కు సామాను సర్దేశాడట. బావమరిది షెడ్డులో కూలికి కుదిరాడట, ఈ వయసులో. ఈ పూటే వెళ్ళిపోతున్నాడట.

మీరు తిట్టేవన్నీ తర్వాత తిట్టండి, ఎక్కడికీ పోను. మా అమ్మాయికి కూడా నేనే చెబుతాను. ముందు బూట్లు వేసుకోండి. వెళ్ళి, ఆ టైర్లాయన వినేలా, ఆ మంగలి వినేలా, దొంగ మా ఇంట్లోనే ఉందని చెప్పండి. మీరన్న మాట మీరే వెనక్కి తీసుకోండి. నేను అనని మాట నేను వచ్చి అంటాను, నా మోకాళ్ళకి కాస్త వ్యవధి కావాలి.

ఈలోపు ఆయన నిచ్చెనేసి షాపు బోర్డు దించుతుంటాడు. మీరు పొడుగు కదా, వెళ్ళి రెండో చివర గట్టిగా పట్టుకుని నిలబడండి. నేను వచ్చేదాకా ఆ బోర్డుని కిందికి దిగనివ్వకండి.