బోదకాలని రాసిచ్చిన చీటీ

అమ్మ కాలికి కట్టు నేనే బిగించానంటారేంటండీ డాక్టరమ్మగారూ? మీరు చూపించినట్టే కట్టాను. వేళ్ళ దగ్గర మొదలెట్టి, ముడత పడకుండా, నా వేలు దూరేంత వదులుంచి పైకి చుట్టుకొచ్చాను. కాళ్ళ కింద రెండు దిళ్ళు కూడా పెట్టాను. అమ్మే లాగి పారేసి, గుడ్డ బిగించేసుకుంది. బోదకాలుకి దిళ్ళెందుకురా అంటుంది.

అవునండీ. ఇంకా బోదకాలనే అనుకుంటోంది.

మరేం అనుకుంటుంది చెప్పండి? మా కొల్లేటి లంకలో కాలు వాచిందంటే దానికింకో పేరుందా? మా మేనత్తకుంది. పడవ నడిపే అబ్బులుకి రెండు కాళ్ళకీ ఉంది. ప్రార్థనకి మోకరించలేనివాళ్ళ కోసమని మా చర్చిగుళ్ళో వెనకాల ఓ బెంచీయే వేశాం. అమ్మ కాలు వాచినప్పుడు అబ్బులు నవ్వాడు కూడాను, "మార్తమ్మగారూ, మా బెంచీకి మీరూ వచ్చేశారా" అని.

వైద్యమూ దానికే చేశామండీ. ఇటుక కాచి కాపడం పెట్టాం. వాపు పైకెక్కకుండా మోకాలి కింద తాడు బిగించాం. జలగలు పట్టించాం. ఆ కాట్లే చీము పట్టాయి, మీరు చూశారుగా. నన్ను తిట్టారు కూడా. తిట్టాల్సిందే.

కడుపులో రాచపుండు, అదే మీరు కేన్సరన్నది, పెరిగి గజ్జల్లో దారి మూసేస్తే, నీరు కాళ్ళలోనే నిలిచిపోతుందని మీరు చెబితేగానీ నాకు తెలీలేదు. బి.ఏ. ప్యాసయ్యానండీ నేను. రోము చక్రవర్తుల పేర్లు వరసగా చెప్పగలను.

పోయిన సెప్టెంబరులో మీరు మా లంకకి మందుల పడవ మీద వచ్చారు, గుర్తుందా? ఒడ్డు నిండా జనం. చదువుకున్నవాణ్ణని నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చీటీ మీద రోగం పేరు రాసేది నేనే. జొరమైతే మీ దగ్గరికి. బోదకాలైతే కాంపౌండరు దగ్గరికి. ఆయన పూతమందిచ్చి పంపేసేవాడు.

అమ్మ కూడా వరసలోనే వచ్చిందండీ. బల్ల మీదికి వంగి మెల్లిగా అంది. "బాబూ, కాలొక్కటే కాదురా. ఇంకోటుంది. డాక్టరమ్మతోనే చెప్పుకోవాలి."

ఆడవాళ్ళ సంగతని అర్థమైంది. నాకు సిగ్గేసింది. పైగా, వాళ్ళమ్మకైతే డాక్టరమ్మా, మాకైతే కాంపౌండరా అని వెనకాలవాళ్ళు అంటారేమోనని కూడా. బోదకాలని రాసి చేతిలో పెట్టాను. అమ్మ అది పట్టుకుని కాంపౌండరు వైపు వెళ్ళిపోయింది.

ఏడు నెలలైంది. ముట్లుడిగి పదేళ్ళయిన మనిషికి అప్పటికే రక్తం పోతోందంట. ఏవండీ, ఆవేళ మీరు చూసుంటే... వద్దులెండి. చెప్పకండి.

ఆ చీటీ ఇంకా ఉంది, ఆవిడ బైబిల్లో. ఇందాక నర్సమ్మకి చూపించి, "మా నిత్యానందం బి.ఏ. చదివాడు, వాడే రాశాడు, బోదకాలే" అంది.

మీరిప్పుడు లోపలికెళ్ళి నిజం చెప్పేస్తానంటున్నారు. అమ్మ తట్టుకోలేదండీ అని పొద్దున్నించీ మిమ్మల్ని బతిమాలుతున్నాను కదా. అది అబద్ధం. పడవ మునిగి మా నాన్న పోయిన రోజునే నాకు అన్నం కలిపి పెట్టిన మనిషావిడ. ఎందుకు తట్టుకోదు?

మీరు చెప్పాక ఆ చీటీ తీసి చూసుకుంటుంది. తరవాత నా మొహం చూస్తుంది. నా భయం దానికేనండీ.

సరే, వెళ్ళండి. చెప్పండి. నేను కాళ్ళ దగ్గర నించుంటాను. కట్టు వదులు చెయ్యాలి కదా, తల వంచుకునే ఉండొచ్చు.