ముద్ద మీద సాసు

ఛీ! మూత తీస్తానే ముక్కుకు కొట్టె చూడు. ఇదొక వాసనా అప్పా? పుల్లగా, తియ్యగా, కుళ్ళిన టమోటా గంపలో బెల్లం పోసినట్ల. దీన్ని నా చేత్తో, నీ పటం ముందర, అరిటాకులో పెట్టే గతి పట్టె నాకు.

నవ్వాకు. పటంలో కూడా ఆ పండ్లే ముందర కనిపిస్తాండాయి.

బయట అందరూ కాసుకోనుండారు. మన కొడుకు దేవరాజు, కోడలు అర్పిత, మా తమ్ముడు ఆంజనప్ప. ఈ పొద్దు పెద్దలకు పెట్టే అమాస కదా. పోయినోళ్ళకు ఏది ఇష్టమో అది ఆకులో పెట్టి, సాంబ్రాణి ఏసి, తలుపు మూసి బయటికి పోవాల. మీరొచ్చి తింటారంట. మీ నాయనకు బీడీకట్ట పెట్టినాము, మీ యమ్మకు ఆకూవక్కా పెట్టినాము. నీకేమో రాగిముద్ద, పితికిపప్పు సారు, పక్కన ఈ ఎర్రది! నువ్వు పోయినాక ఇదే మొదటిది కాబట్టి ఏదీ తక్కువ కాకూడదంట.

"అమ్మా, అయిందా?" అంటాండాడు వాడు. ఉండ్రా, అయితాది!

నిజం చెప్పప్పా, ఈ లోకంలో ఇది అసహ్యమనేది నేనొక్కదాన్నేనా? బాగేపల్లిలో ఏ బండి దగ్గర చూడు, గోబీ మంచూరి మీద సాసు, ఆమ్లెట్టు మీద సాసు. నీ మనవరాలు దోస మీద కూడా పోసుకుంటాది. ఇంగ ఆ తెల్లది ఒకటొచ్చె, మయొనీసంట. దాన్ని చూస్తే నాకు పుండు మీద చీము గుర్తొస్తాది. ఆ మాట అంటే అర్పిత "తినేటప్పుడు అట్ల మాట్లాడాకండత్తా" అని తన అన్నం తట్ట ఎత్తుకొని ఇంకో రూములోకి పోతాది. ఉండేది చెప్తే తప్పా?

అందరూ నాకే నాలిక సరిగా లేదంటారు. అననీ. టెంకాయ చట్నీ కూడా నాకు సేరదు, ఏమిప్పుడు? గోడకు కొట్టే సున్నం మాదిరి తెల్లగా, చప్పగా! పెండ్లిండ్లలో దాన్ని గరిటెలు గరిటెలు పోసుకుంటారు జనం.

చట్నీ అంటే ఊరుబిండి అప్పా. ఏంచిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, రవ్వంత చింతపండు రోట్లో ఏసి నూరితే, నాలిక చుర్రుమనాల, కండ్లల్లో నీళ్ళు తిరగాల, ముద్ద జర్రున గొంతులోకి దిగాల. కారమంటే కారం, పులుపంటే పులుపు. ఈ సాసులో ఏముండాది? పండు యాడుండాది, గింజ యాడుండాది? ఎవరో నమిలి ఉమ్మినట్ల మెత్తగా!

నీకిది యాడ అంటుకునిందో నాకు తెలీదా? చింతామణి బస్సుకి కండక్టరుగా పోతాంటివి. బాగేపల్లి స్టాండులో బస్సు నిలిపితే బేకరీలో ఎగ్ పఫ్ తినేది, వాళ్ళిచ్చే సాసు ప్యాకెట్లు మిగిలినవి టికెట్ల సంచిలో ఏసుకొని ఇంటికి తెచ్చేది. ఒగసారి సంచిలోనే ప్యాకెట్టు పగిలి చెయ్యంతా ఎర్రగాయె. చిల్లర ఇయ్యబోతే ఒక ముసలామె "అయ్యో నెత్తురు, బస్సు నిలపండి!" అని అరిచెనంట. నువ్వే చెప్పి పడీపడీ నవ్వితివి. ఆ సంచి ఉతికింది ఎవరు? ఆర్నెల్లు వాసన పోలే.

పోనీ, మనింట్లో తింటే తింటివి. నాగరగెరెలో మా యమ్మ ఇంట్లో నువ్వు చేసింది మర్చిపోయేదా?

పదేండ్లాయె. అనపకాయల కాలం. మా యమ్మకు అప్పటికే కండ్లు సరిగా కనపడవు. అల్లుడొస్తాండాడని పొద్దున్నుంచి కూసోని, నానిన అనపగింజలు తడుముకుంటా తడుముకుంటా తోలు ఊడేటట్ల ఒక్కొక్కటే పితికె. శేరు గింజలు! నేను పట్టుకోబోతే "నా చేతిది తిననీలే" అని నా చెయ్యి తోసేసె. సారు కాచి, ముద్ద కెలికి, నీ ముందర తట్ట పెట్టి, ఆ యమ్మ అట్లే నిలబడుకునె. ఏమంటావో విందామని.

నువ్వేం చేస్తివి? జోబీలోనుంచి ప్యాకెట్టు తీసి, పంటితో చించి, ముద్ద మీద పిండితివి! ముద్ద మీద అప్పా! అంత మంది ముందర!

"ఏం బావా, మా సారు అంత చప్పగుండాదా?" అని ఆంజనప్ప నవ్వె. మా యమ్మకు అప్పుడు అర్థమాయె. "ఉప్పు తక్కువైందేమోలే నాయనా, నాకిప్పుడు తెలీడం లేదు" అని గోడ పట్టుకుంటా లోపలికి పోయె. మళ్ళా బయటికి రాలే. ఆ యేడు ఎండాకాలానికి పోయె ఆ యమ్మ. ఆ మధ్యలో ఎవరొచ్చినా పొయ్యి దగ్గరికి పోలేదు తెలుసా?

"సారు బాగుండాది, ఇది నా అలవాటు" అంటివి నువ్వు. ఎవరికి కావల్ల నీ అలవాటు? కావాలని చేయలేదులే, నాకు తెలుసు. నీకు అంత ఆలోచన యాడిది?

ఈ పొద్దు అర్పితే అంగట్లోనుంచి సీసా తెచ్చె. నా చేతిలో పెట్టి, కండ్లు తుడుచుకుంటా అంటాది, "ఇంత అసహ్యమైనా మామ కోసం పెడ్తాండారు. మీ మాదిరి ఎవరుంటారత్తా?" అని. మూతి మీద కొట్టినట్లాయె నాకు. అందుకే వాళ్ళనందర్నీ బయటికి తోల్తిని.

చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో కడపటి నాలుగు దినాలు. గంజి పోస్తే సగం బయటికొస్తాండె. నువ్వు నా కొంగు పట్టుకొని అడిగితివి. "రవ్వంత సాసు నాలిక మీద పెట్టు, నోరంతా మందుల చేదు" అని.

"డాక్టరు వద్దన్నాడు" అంటిని.

"అట్లనా" అంటివి. మళ్ళా అడగలే. గోడ తట్టు తిరుక్కొని పండుకుంటివి.

డాక్టరు వద్దనలేదప్పా.

దేవరాజు మందులకు పోయినప్పుడు ఆయప్ప నన్ను పక్కకు పిలిచి చెప్పె. "ఇంగ మా చేతిలో ఏమీ లేదమ్మా, ఏమడిగితే అది పెట్టండి" అని. కన్నడలోనే చెప్పె, నాకు బాగా అర్థమాయె. ఆసుపత్రి ముందరే అంగడి. అయిదు నిమిషాల పని. నేను పోలే. మా యమ్మ గోడ పట్టుకుంటా లోపలికి పోయేది కండ్ల ముందరికి వచ్చె. ఆ ఎర్రది నా వేలికి అంటుతాదని ఒకటి. మా యమ్మ కోసమా, నా అసహ్యం కోసమా అని ఇప్పుడడిగితే నాకే తెలీదు. చచ్చేవాడు నోరు తెరిచి అడిగితే నేను పెట్టలే.

వస్తాండా దేవరాజా, తలుపు కొట్టాకు!

క్షమించమని ఏ మొగంతో అడిగేది? ఇదో, పోస్తాండా. ముద్ద మీదే. ఇప్పుడు కూడా ఊపిరి బిగబట్టుకొనే పోస్తాండా చూడు, నేనింతే. తినప్పా. నేను బయట ఉంటా.