వరండాలో బంతి

హలో… ఆ, నేనే అక్కా, జాక్వెలిన్‌నే… గొంతు అలగుందా? ఏటీ లేదు లా. ఇంతసేపూ మీ మరిదితో గొడవ.

దేనికేటి, నెత్తళ్ళ చేపలకి… నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. నీ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

నువ్వే చెప్పు. నెత్తళ్ళకి తల గిల్లి, పొట్టలో నలుపు తీసి, అప్పుడు గదా వేయించాల? ఆయనేమో రుచంతా తలలోనే ఉందంటారు. పెళ్ళయినప్పట్నుంచీ తలలు తీసే పెడుతున్నాను. ఇవాళ తెలిసిందట రుచి…

—వినబడుతోంది లారెన్స్‌గారూ, అంత అరవక్కర్లేదు. మీ మేగ్డలీన్ వదినే ఫోన్లో… మీ అమ్మ తలలు తీసేది కాదా? మీ అమ్మకి కళ్ళు ఆనేవి కాదు, అందుకని.

హమ్మయ్య, హాల్లోకి పోయినారు.

సరే, నువ్వు తిన్నావా?… ఏటి తిన్నావు?… మిలో తాగి పడుకుంటే అది తినడమా అక్కా?… బావగారు?… ఇంకా ఆ కుర్చీలోనేనా. మాట్లాడుతున్నారా… ఊఁ.

చర్చికి వెళ్ళినావా?… పోనీలే. ఫాదరే ఇంటికొచ్చి వెళ్ళినారు గదా.

ఏటి?… పంపా?… సైకిలుకి కొట్టే పంపా? మీ ఇంట్లో సైకిలెవరిది?

ఓ… బంతికి.

ఏ బంతికి అక్కా?

…

మెత్తబడిపోయిందా.

ఆ, వింటున్నాను… జోషువా ఫొటో పక్కనే పెట్టినావా… రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి… ఆ… నొక్కితే వేలు లోపలికి పోతోందా. గాలి కొట్టడానికి సూది కావాల, అవును. మా మార్విన్ దగ్గరుంది లా. తెస్తాడు. అది కాదు…

అక్కా, ఆ బంతి అక్కడ ఎందుకు పెట్టినారని అనుకున్నావు?

… అవును, మీ మరిదే. టీము నడిపేది ఆయనే గదా. సమాధుల దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం. కుర్రాళ్ళందరూ చెప్పులిప్పి మెట్ల కింద నిలబడినారు, ఆయనొక్కరే వరండాలోకొచ్చి పెట్టినారు… నీకు గుర్తుగా ఇచ్చినారనుకున్నావా.

… లేదు, లేదు. నేనేటీ అన్లేదు. ఒక్క నిమిషం.

—ఫెలీషియా, ఇలా వచ్చి ఈ బాణలి చూడమ్మా. కలుపుతూ ఉండు, మాడనివ్వకు.

ఆ, అక్కా. బట్టలారేసే చోటికొచ్చినాను. ఇక్కడైతే ఎవరూ వినరు.

ఒకటడుగుతాను. మీ ఇంటికెదురుగానే గదా పాడాంగ్ మైదానం, కిటికీ తీస్తే గోలు స్తంభాలు కనబడతాయి. ఆదివారాలు మనవాళ్ళెవరూ ఆడటం లేదు, చూసినావా?… ఎందుకనుకున్నావు?… వానలనా… మనసు బాగోక అనుకున్నావా. అదీ నిజమే. కానీ అదొక్కటే కాదు.

మీ పుట్టింటి తెలుక్ ఇంతాన్ వైపు తోటల్లో ఈ పద్ధతి లేదు కాబోలు. సుంగై సుమున్ తోటలో ఉంది. టీములో ఆడేవాడింట్లో చావొస్తే, ఆ రోజు సాయంత్రం బంతి తెచ్చి ఆ ఇంటి వరండాలో పెట్టేస్తారు. ఆ ఇంటి ఆడమనిషి, తల్లో పెళ్ళామో, తనంతట తాను బంతి పట్టుకెళ్ళి పాడాంగ్‌లో ఇస్తేనే మళ్ళీ ఆట. అంతవరకు వేరే బంతి కూడా తన్నరు. ఇంటికొచ్చి అడగరు. అడగడం తప్పు.

… నిజం అక్కా. దేవుడి తోడు.

… ఎలగ తెలుస్తుంది నీకు? మావ పోయినప్పుడు అత్తే పట్టుకెళ్ళింది. తెల్లచీర కట్టుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని. నేనప్పుడు కొత్త కోడల్ని, వెనకే వెళ్ళినాను. నువ్వు లేవు. జోషువా కడుపులో ఉన్నాడని పుట్టింట్లో ఉన్నావు. ఆ తర్వాత క్లాంగ్‌లో కాపరం. మళ్ళీ సుమున్ వచ్చి ఎన్నేళ్ళని? ఈ మధ్యలో ఆడేవాళ్ళిళ్ళల్లో ఎవరూ పోలేదు.

… అవును. అందరూ నువ్వెప్పుడు తెస్తావా అని చూస్తున్నారు.

… ఏడవాలంటే ఏడు అక్కా, ఉంటాను నేను.

…

బావగారికి తెలుసు. అక్కడే పుట్టినారు గదా, ఎలగ తెలీదూ… వద్దు, ఆయన్ని అనకు. ఇంట్లోవాళ్ళయినా అడక్కూడదు. నువ్వు రోజూ దాన్ని తుడుస్తుంటే ఆ కుర్చీలోంచి చూస్తున్నారు. ఏటని నోరు తెరుస్తారు? కొడుకు బంతి ఇచ్చెయ్యమంటారా?

… ఆ, నన్నను. నన్నంటే సరే. నీకు తెలుసనే అనుకున్నాం లా, అందరం. తెలుసు, కానీ ఇంకా చేతులు రావడం లేదనుకున్నాం. ఒక్కరు, ఒక్కరు కూడా నిన్ను తప్పు పట్టలేదు.

రెండు ఆటలు పోయినాయి. ఒకటి కొబ్బరి మిల్లువాళ్ళతో, ఒకటి టీచర్ల టీముతో. ఆడకుండానే ఓడినట్టు రాసేసినారు… అవును, మూడో చోటులో ఉన్నాం అప్పటికి. ఇప్పుడు కిందనుంచి మొదటి చోటు.

… తెలుసు, సగం గోల్సు వాడివే. నాకు తెలీదా? ప్రతి ఆటకీ నీ పక్కనే గదా నా మడతకుర్చీ.

మొదటి ఆట గుర్తుందా… ఆ, వానలో. బంతి బురదలో కూరుకుపోతే వీడు దాన్ని తన్నలేక, గోల్‌కీపర్‌ని, బంతిని, రెంటినీ కలిపి తోసుకుంటూ వలలో పడ్డాడు. నువ్వు గొడుగు పారేసి పరిగెత్తినావు. నేను సంతోషమనుకున్నాను. తీరా వింటే, తెల్ల జెర్సీరా వెధవా అని తిడుతున్నావు…

ఆ, ఆ రిఫరీ! ఆఫ్‌సైడ్ అన్నాడని తెలుగులో వాడి వంశాన్నంతా తిట్టినావు. వాడేమో దీవిస్తున్నావనుకుని చేయెత్తి తెరిమా కాసె అని థాంక్స్ చెప్పినాడు. జోషువా నవ్వలేక నేలమీద కూర్చుండిపోయినాడు…

… ఆ. ఆ రోజు వాడు ఎంత నవ్వినాడు.

… హుటన్ మెలింతాంగ్ ఆట గురించి ఇప్పుడొద్దు అక్కా. ఆట బాగానే ఆడినాడు. తిరిగొచ్చే దారిలో మోటర్‌సైకిల్‌ని లారీ కొడితే దానికి ఆటేటి చేస్తుంది?… మీ మరిది మాత్రం అలగ అనుకోరు. ఆయన అన్నీ తనమీదే వేసుకుంటారు.

ఈ ఆదివారమా?… ఉంది. ఆఖరి ఆట. బాగన్ దాతుక్ జాలర్ల టీముతో, మన పాడాంగ్‌లోనే. మూడోసారి కూడా దిగకపోతే లీగులోంచి పేరు కొట్టేస్తారు. అదీ సంగతి.

… చిన్న లీగే, నిజమే. టీవీలో రాదు, పేపర్లో పడదు. చూసేవాళ్ళకంటే మేకలెక్కువ. కానీ తోట చేతులు మారింది, కూలీల లైను ఇళ్ళు కూల్చేసినారు, తెలుగు బడి ఎప్పుడో పోయింది. మన ఊరిపేరు పెట్టుకుని ఇంకా నడుస్తున్నది ఈ టీమొక్కటే గదా.

ఆ జాలర్ల కెప్టెన్ మంచివాడు. పాపం, ఫోన్ చేసినాడు. ఆట వెనక్కి జరుపుకోండి, మేమేటీ అనం అని. మీ మరిది మలాయి భాషలో ఈ బంతి సంగతి చెప్పలేక చెమటలు కక్కినారు. అంతా విని వాడన్నాడట, బంతే లేదా బాబాయ్, అంతేనా, మేం తెస్తాం మా బంతి అని…

ఆ. నేనూ అంతే. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

… ఏటి?… గట్టిగా చెప్పు అక్కా, వినబడటం లేదు.

ఆదివారం సాయంత్రాలు… ఆ… కిటికీ మూసినా, తీసినా… ఒక్క ఈల చప్పుడు కూడా…

అయ్యో.

మేమేమో నీ చెవిన ఆ గోల పడకూడదని… నువ్వేమో ఆ గోల లేక ఇంట్లో ఉండలేక వెనకగదిలోకి పోయి…

లేదు, ఏడవటం లేదు. వంటింటి పొగ.

అక్కా, నేను అడగడం లేదు. నిజంగా అడగడం లేదు. బంతి ఉంచుకోవాలంటే ఉంచుకో. పేరు పోతే పోయింది. ఒక్కటి మాత్రం తెలుసుకుని చెప్పు. ఇచ్చినాక అది మళ్ళీ ఫొటో పక్కకి రాదు. తంతారు, మురికవుతుంది, కుట్లు ఊడతాయి, పారేస్తారు.

… అవును. వాడి కాలు ఆఖరిసారి తగిలింది దానికే. కాదని ఎలగ అంటాను?

…

…

అక్కా?… లైన్లో ఉన్నావా?

… లేచినావా?… ఏటా చప్పుడు?… బావగారికి చెప్తున్నావా. చెప్పు, చెప్పు, నేనాగుతాను.

…

ఏటన్నారు?… చెప్పులేసుకుంటున్నారా? ఎక్కడికి?

… పక్కింటి పచ్చయమ్మగారింటికి? పంపు కోసం?… ఈ చీకట్లోనా…

కుర్చీలోంచి లేచినారా అక్కా!

… ఆ. ఆ. వింటున్నాను… అలాగే. ఆదివారం. నీ చేత్తో నువ్వే… తెల్లచీరే కట్టుకోవాలనేటీ లేదు లా, నీ ఇష్టం. అత్త కట్టుకుందంతే.

మీ మరిదికి నేను చెప్పేదా?… అయితే ఫోన్ పెట్టెయ్యకు. భోజనాలకి కూర్చునే వేళే. లోపలికి వెళ్తున్నాను.

—రండి అందరూ. మార్విన్, చెయ్యి కడుక్కున్నావా? ఫెలీషియా, ఆ రసం గిన్నె ఇటు పెట్టు… అవి ఇకన్ బిలిసే నాన్నా, తెలుగులో నెత్తళ్ళంటారు. తలల్లేవు, చూసుకోండి మీ నాన్నా నువ్వూ.

—ఇదిగో, వినండి. అక్క బంతి ఇస్తుందట. ఆదివారం.

… అవును, నేనే చెప్పినాను. అడక్కూడదని నాకూ తెలుసు. అడగలేదు. గాలి పోతోంది, పంపు కావాలని ఆవిడే ఫోన్ చేసింది… ఎందుకేటి? ఆవిడకి తెలీదండీ. మీరు కొడుకు గుర్తుగా ఇచ్చినారనుకుని, తుడిచి తుడిచి ఫొటో పక్కన పెట్టుకుంది… ఆ. ఇన్నాళ్ళూ.

… అక్కా, ఉన్నావా?… మీ మరిదికి అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది… కోపం కాదు లా. తల దించుకున్నారు.

మార్విన్ ఫోన్లో టీము గ్రూపుని అడుగుతున్నాడు, ఎవరెవరొస్తారని… తెలుగులో చెప్పరా, పెద్దమ్మ వింటోంది… ఏదో అంటున్నాడు, సగం ఇంగ్లీషు. ఎనిమిది మంది వస్తారట. మిగతావాళ్ళు వేరే టీముల్లో చేరిపోయినారు. ఒకడికి ఫ్యాక్టరీ షిఫ్టు… ఆడొచ్చట, ఎనిమిది మందితో ఆడొచ్చట. చిత్తుగా ఓడిపోతారనుకో.

ఉండు. ఆయన మాట్లాడుతున్నారు.

… ఆదివారం దిగుతామంటున్నారు. ఎంతమందైనా సరే, దిగుతాం అంటున్నారు. పొద్దున్నే ఇక్కణ్ణుంచి బయల్దేరతాం అక్కా.

ఇంకా ఏదో… —ఏటండీ? మళ్ళీ చెప్పండి.

…

… ఆదివారమే ఆఖరట అక్కా.

కాదు, ఈ ఏటికి కాదు. పూర్తిగా. ఆట అయిపోగానే లీగువాళ్ళకి తనే చెప్పేస్తారట, వచ్చే ఏడు సుమున్ టీము ఉండదని.

—మరి ఇదంతా ఎందుకండీ? ఆవిడ అంత మనసు చేసుకుని ఇస్తుంటే… పిల్లల ముందు అలగ… సరే. సరే, చెప్పండి.

…

…

చెప్తాను అక్కా, తొందరపెట్టకు.

ప్రతి ఏడూ ఆటలు మొదలయ్యే ముందు కమలాపళ్ళు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు గదా. మీ కుర్రాణ్ణి ఆదివారాలు నాకివ్వండమ్మా, చీకటి పడకముందే ఇంటికి చేరుస్తాను అని తల్లుల్ని అడిగి… నీ దగ్గరికీ వచ్చినారు గదా, ఓవర్‌టైముంది, వాడు రాడని నువ్వంటే, గంటసేపు గుమ్మంలోనే నిలబడి.

ఇంక ఏ తల్లికీ ఆ మాట ఇవ్వలేనంటున్నారు.

… అవును, గట్టిగానే అన్నారు. పిల్లలు కూడా విన్నారు.

… నువ్వు మాట్లాడతావా ఆయనతో?… వద్దా.

… సరే. నేనూ ఇంకేటీ అనను.

… ఎవరూ తినటం లేదు. వడ్డించాల. ఫోన్ పెట్టేస్తున్నాను అక్కా.