కొత్త లైన్లు

కంటి ఆసుపత్రి. ఇంజెక్షన్ గది బయట బెంచీ మీద ఒక ప్లంబర్, అతని భార్య.

“కంట్లో సూదేంటే? చెయ్యి లేదా, తొడ లేదా?”

“మెల్లగా అనండి. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. వాళ్లకి కళ్లున్నాయి.”

“ఆ ఎడమ కంట్లో చుక్కలు వేశారుగా. మొద్దుబారుతుంది, నొప్పి తెలియదట.”

“తెలియదట! నీకేం, ఎన్నయినా చెప్తావు. పద, ఇంటికెళ్దాం. షుగరు మాత్రలు రెండు పూటలా వేసుకుంటాను, ఒట్టు.”

“పోయినసారీ ఇదే ఒట్టు. కంట్లో కొత్త రక్తనాళాలు పుడుతున్నాయని డాక్టరమ్మ చెప్తే, ఇంటికొచ్చి ఏమన్నారు? చెప్పండి.”

“ఏమన్నాను, మంచిదే అన్నాను.”

“వీధంతా చాటారు! నా కంటికి కొత్త లైన్లు పడుతున్నాయి, ఇక ఢోకా లేదు అని. మళ్లీ రమ్మన్న రోజున వెళ్లనే లేదు.”

“పాత పైపు పూడుకుపోతే కొత్త లైను వేస్తాం. ఇన్నేళ్లుగా నా పనే అది. కొత్తది చెడ్డదని ఎవడనుకుంటాడే?”

“ఇవి మీరు వేసే లైన్లా? షుగరుకి పాత నాళాలు పూడిపోయి, కంటి వెనక పొరకి ఆక్సిజన్ అందట్లేదట. అప్పుడా పొర ఏదో ప్రోటీన్ వదులుతుందట, రక్తం కావాలి రక్తం కావాలి అని మొత్తుకున్నట్టు. దాంతో నాళాలు ఎటు పడితే అటు మొలుస్తాయి. గట్టిగా ఉండవు. కారతాయి, పగులుతాయి. ఈ మందు ఆ ప్రోటీన్‌ని పట్టేస్తుందట.”

“పట్టకపోతే?”

“పిలిచారేమో, ఉండండి.”

“ఎవరూ పిలవలేదు. పట్టకపోతే?”

“పడుతుంది. మళ్లీ వేస్తారు. లేజర్ ఉంది...”

“అంటే డాక్టరమ్మ కూడా చెప్పలేదన్నమాట. సరేలే. ఎడమది పోతే పోయింది. కుడిది బంగారం.”

“అందులోనూ మొదలైందన్నారు కదండీ.”

“మొదలైతే ఏం? శుభ్రంగా కనిపిస్తోంది. ఒంటికన్నుతో కూడా కుళాయి బిగిస్తా, కావాలంటే పందెం. నవ్వవేం?”

“నవ్వు రావట్లేదు.”

“పేరుకి ఆసుపత్రి! ఆ గోడ చూడు, పైనుంచి మసి జారుతోంది.”

“ఏ గోడ?”

“ఎదురుగా. అదిగో, దారాలు దారాలుగా. ఇంకా దిగుతోంది.”

“గోడ తెల్లగా ఉందండీ. అది ఆ ఎడమ కంట్లో కారుతున్నదే. కంగారు పడకండి, దాన్ని మూసుకుని చూడండి.”

“చుక్కలు మండుతున్నాయని ఇందాకట్నుంచీ మూసే ఉంచానే.”