ఏడు కార్డుల్లోనూ ముప్పై ఆరున్నర

దక్షిణ కొరియాలో, వెల్లుల్లి పండించే ఒక కొండపల్లె. కొత్త టీకా పరీక్ష కోసం ఊళ్ళు తిరిగే నర్సు సోరిమ్, మాల్సున్ అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది.

"చెప్పులైనా విప్పకుండా ఆ కార్డుల మాటెందుకు తల్లీ? లోపలికి రా. నేల వెచ్చగా ఉంది, కూర్చో. బంగాళాదుంపలు ఇప్పుడే ఉడికాయి."

"తింటాను అమ్మమ్మా. ముందు ఇవి చూడండి. మీ ఊళ్ళో టీకా వేయించుకున్న ఏడుగురి జ్వరం కార్డులు. ఏడు రోజులూ, ఏడుగురికీ ముప్పై ఆరున్నర డిగ్రీలే, ఒక్కరికీ జ్వరం లేదట."

"బాగున్నామన్నమాట. వెల్లుల్లి తినే ఒళ్ళు కదా."

"ఏడింటికీ ఒకటే పెన్ను. ఒకటే చేతిరాత."

"మా ఊళ్ళో పెన్నులు తక్కువ."

"అమ్మమ్మా."

"బార్లీ టీ చల్లారిపోతోంది, తాగు. చిక్కిపోయావు. మీ అమ్మ ఏం పెడుతోంది నీకు?"

"ఎవరు రాశారు?"

"ఒక్‌దాన్. మాలో బడికెళ్ళింది అదొక్కతే. ఏడో రోజు ఊరి హాల్లో అందరం నూడుల్స్ వండుకున్నాం. తిన్నాక వరసగా కూర్చుని... అంటే, కొలవడం రోజూ కొలిచాం. రాయించుకోవడం ఆ రోజు."

"కొలిస్తే ఎంతొచ్చింది?"

"ఎవరికి గుర్తు?"

"మీ నేస్తం గ్వినామ్ అమ్మమ్మ పెళ్ళి పల్లకి మోసిన నలుగురి పేర్లూ గుర్తున్నాయి మీకు. మొన్న నాకే చెప్పారు."

"దాని ఊసెత్తకు. పోయిన మే నెలలో ఇద్దరం కొండకూర కోయడానికి వెళ్ళాం. దాని చంకలో పిడుదు కరిచింది. నువ్వుగింజంత. గిల్లి పారేసి నవ్వింది. పదకొండో రోజుకి లేదు. ఈ పిడుదు జ్వరానికి మందు లేదు, టీకా లేదు అన్నాడు డాక్టరు, తల ఎత్తకుండా. అప్పటినుంచీ కలుపుకి వంగితే చాలు, గడ్డి నిండా అవే ఉన్నట్టుంటుంది నాకు."

"అందుకేగా ఈ పరీక్షలో చేరారు."

"అందుకే. మరి జ్వరాలొచ్చాయని రాస్తే ఆపేస్తారుగా."

"అని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. మాకే తోచింది. పైగా నువ్వొకతివి. వానలో కూడా వచ్చి మా నడుం నొప్పులు అడుగుతావు. మాకు జ్వరాలొస్తే మీ పైవాళ్ళు నిన్ను చీవాట్లు పెట్టరూ? కాస్త ఓర్చుకుందాం, టీకా బయటికి రానీ అన్నాను. సరేనన్నారు."

"అన్నది మీరేనా?"

"ఇంకెవరు. పెద్ద నోరు నాదేగా."

"జ్వరం ఎంత?"

"దుంప తిను."

"ఎంత అమ్మమ్మా?"

"ముప్పై తొమ్మిదిన్నర. రెండు రోజులు. మూడు దుప్పట్లు కప్పినా వణుకే. ఒక్‌దాన్‌కి ఇంకా ఎక్కువ. పిల్‌నామ్ గోడ పట్టుకుని నడిచింది. తగ్గిపోయాయిలే, పోయామా ఏమన్నా?"

"మీరు పోలేదు. కానీ మీ కార్డులు చూసి పైవాళ్ళు ఏమనుకున్నారో తెలుసా? రక్తంలో టీకా బలం సగమే కనపడింది, ముసలివాళ్ళకి జ్వరమైనా రాలేదు, కాబట్టి మోతాదు రెట్టింపు చేద్దాం అన్నారు. సోమవారం పక్క లోయలో నలభై మందికి వేస్తారు. అంతా మీ ఈడువాళ్ళే. గుండె జబ్బున్నవాళ్ళూ ఉన్నారు."

"రెట్టింపా?"

"రెట్టింపు."

"పక్క లోయలో మా చెల్లెలుంది."

"పేరిచ్చిందా?"

"నేనే ఇప్పించాను. చీమ కుట్టినట్టుంటుందంతే, వెళ్ళవే అని."

"అయితే ఆవిడకీ సోమవారమే."

"ఇప్పుడు నిజం చెబితే టీకా ఆగిపోతుందా తల్లీ?"

"ఆగదు. జ్వరం రావడం తప్పు కాదు. ఎంతొచ్చిందో తెలిస్తే మోతాదు సరిచేసుకుంటారు. తెలియక వేసి, ఎవరో ఒకరు పోతే, అప్పుడు ఆగుతుంది. ఇక ఏళ్ళ తరబడి దాని జోలికి ఎవరూ పోరు."

"ఆ కోటు ఇలా అందుకో. హాలుకి పోదాం. ఏడుగురం మీ ఆఫీసుకొస్తాం. నేనే చెబుతాను. ముసలాళ్ళం కూడబలుక్కుని మోసం చేశాం, పాపం ఈ పిల్లకేమీ తెలియదు అని. నీ మీదికి మాట రానివ్వను."

"ఆ ఒక్క మాటా చెప్పకండి."

"ఎందుకు చెప్పకూడదు? మేం దాచాం. నీకెలా తెలుస్తుంది?"

"రెండో రోజు పొద్దున మీకు ఫోన్ చేశాను. బాగానే ఉన్నానన్నారు. మీ పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, నాకు వినపడుతూనే ఉంది. టీకా ఆగకూడదని నాకూ ఉంది అమ్మమ్మా. 'జ్వరం లేదు' అని పైవాళ్ళకిచ్చే నా కాగితంలో నా చేత్తోనే రాశాను."